నీలితెర: ఒక కారణవిచారణ

కార్యమును చూచుట సులభము. కారణమును చూచుట కష్టము. ఎచ్చటనైనను ఒక దోషము సంభవించినప్పుడు దానికి సమీపమున ఎవరు నిలిచియున్నారో వారి మీదికే మన దృష్టి ముందుగా పోవును. సామీప్యము వేరు, కారణత్వము వేరు. న్యాయశాస్త్రమున ప్రవేశించినవారికి కుమ్మరివాని గాడిద జ్ఞాపకముండును. మట్టి మోసిన గాడిద కుండ పుట్టుటకు ముందు అచ్చట ఉన్నమాట నిజమే. అయినను కుండకు అది కారణము కాదు. మట్టి బండి మీద వచ్చినను కుండ పుట్టును గదా! ఇట్టిదానిని అన్యథాసిద్ధమని శాస్త్రము ప్రక్కకు నెట్టును.

ఆ గాడిదను నేను గత వైశాఖమున మా దేవాలయ కార్యాలయపు కంప్యూటరునందు దర్శించితిని. ఇది పరిహాసము కాదు. నేడు స్తోత్రములను టైపు చేయువారు, ప్రవచనములను భద్రపరచువారు, పంచాంగగణితము చేయువారు అందరును ఈ యంత్రమునే ఆశ్రయించియున్నారు. అది హఠాత్తుగా నీలితెర చూపి నిలిచిపోయినప్పుడు ఏమి చేయవలెనో తెలియక కలవరపడుచున్నారు. కారణమును అన్వేషించు మార్గము మన శాస్త్రములలో చక్కగా చెప్పబడియున్నది. దానిని ఈ విషయమునకు ఎట్లు అన్వయింపవలెనో జిజ్ఞాసువులకు నివేదించుటయే ఈ వ్యాసప్రయోజనము.

గర్భాలయము, ముఖమండపము

ముఖమండపమున నిలిచిన భక్తుడొకడు జారిపడినచో నలుగురు లేవదీయుదురు, అర్చన ఆగదు. గర్భాలయమున అర్చకుడే స్పృహ తప్పి పడినచో సమస్తమును ఆగిపోవును. కంప్యూటరునందును ఇట్టి రెండు ప్రాంగణములు కలవు. మనము ఉత్తరములు వ్రాయునవి, చిత్రములు చూచునవి అగు ప్రోగ్రాములు ముఖమండపమున ఉండును. వానిలో ఒకటి చెడినచో అది మాత్రమే మూతపడును. లోపలి గర్భాలయమునకు కెర్నల్ అని పేరు. డ్రైవరు అనగా ఆ కెర్నలునకును, ప్రింటరు, తెర, నెట్‌వర్కు వంటి ఉపకరణములకును నడుమ నిలిచిన ద్విభాషి. ఈ ద్విభాషులలో పెక్కుమందికి గర్భాలయప్రవేశము ఇవ్వబడినది. కనుకనే ఒక చిన్న డ్రైవరు తడబడినను యంత్రమంతయు నిలిచిపోవును.

ఇక స్మృతి. ర్యామ్ అను పలకలోని ప్రతి కణమున ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు ఉండును. ఈ నిర్మాణమునకు రాబర్ట్ డెన్నార్డ్ 1968లో పేటెంటు పొందెను. కెపాసిటరులోని విద్యుత్తు చిల్లికుండలోని నీటివలె కారిపోవుచుండును. సాధారణముగా 64 మిల్లీసెకనుల లోపల ప్రతి కణమును మరల నింపుచుండవలెను. 4 జీబీ పలకలో ఇట్టి కణములు 3,435 కోట్లకు పైగా కలవు. వానిలో ఒక్కటి తనకిచ్చిన విద్యుత్తును నిలుపుకొనలేకపోయినను, మనము 1 అని వ్రాసినది 0గా చదువబడును.

నీలితెర శత్రువు కాదని కూడ గ్రహింపవలెను. తన లోపలి లెక్కలలో పొసగనిది కనబడినప్పుడు, చెడిన విషయమును డిస్కు మీద వ్రాసి మరింత నష్టము కలిగింపకుండుటకై కెర్నల్ తన్ను తానే నిలుపుకొనును. అది రోగము కాదు, రోగలక్షణము.

కాకతాళీయము

మా ఆలయము గోదావరీతీరమున ఒక చిన్న గ్రామమునందు కలదు. కార్యాలయములోని కంప్యూటరునందు భక్తుల గోత్రనామముల పట్టిక, రసీదుల లెక్కలు ఉండును. వానికంటె నాకు విలువైనవి మరి రెండు కలవు. మా గురువుగారు తమ వార్ధక్యమున నా అభ్యర్థన మేరకు చేసిన ఘనపాఠ ధ్వనిముద్రణలు 212. వానిని అనుసరించి నేను స్వరచిహ్నములతో తెలుగు లిపిలో సిద్ధపరచిన గ్రంథభాగములు 40. గురువుగారు కీర్తిశేషులై ఆరు సంవత్సరములైనది. ఆ కంఠము మరల లభించునది కాదు.

ఒక సోమవారమునాడు కార్యాలయములో పనిచేయు యువకుడు క్రొత్త రసీదు ప్రింటరును అమర్చి, దాని డ్రైవరును ఎక్కించెను. మంగళవారము ఉదయముననే నీలితెర వచ్చెను. నాలుగు దినములలో ఐదు మారులు యంత్రము నిలిచిపోయెను. మొదటి తెర మీద ప్రింటరు డ్రైవరు పేరే ఉన్నది. ధర్మకర్తలలో ఒకరు వెంటనే తీర్పు చెప్పిరి: ఈ కుర్రవాడేదో చెత్తను ఎక్కించి యంత్రమును పాడుచేసినాడు, ఇతనిని తొలగింపవలెను అని. ఆ జీతముతోనే ఇల్లు నడుపుకొనుచున్న ఆ బాలుడు నా వద్దకు వచ్చి నిలిచెను.

"పంతులుగారూ, నేనేం చేయలేదండీ. పెట్టెలో వచ్చిన డిస్కులో ఉన్నదే వేశానండీ."

"కంగారు పడకు నాయనా. తేలేదాకా ఎవరూ ఏమీ చేయరు. నేను మాట్లాడతాను" అని చెప్పి, ధర్మకర్తగారిని వారము గడువు కోరితిని.

కాకి వచ్చి వాలినది, తాటిపండు రాలినది. కాకి వలననే పండు రాలినదని చెప్పుటకు ఆ ఒక్క ఘటన చాలదు. సోమవారము అమరిక, మంగళవారము పతనము అను పౌర్వాపర్యము సందేహమునకు హేతువగును గాని నిశ్చయమునకు కాదు.

నా మేనల్లుడు హైదరాబాదులో సర్వర్ల మరమ్మతు పని చేయుచుండును. అతనికి ఫోను చేసితిని. "మామయ్యా, తెర మీద పడ్డ పేరు చూసి నమ్మకండి. దొంగతనం జరిగినచోట నిలబడ్డవాడి పేరది, దొంగ పేరు కానక్కరలేదు. మినీడంపులు చూడండి. ప్రతిసారీ ఒకే పేరు వస్తే డ్రైవరు. పూటకో పేరు వస్తే ర్యామ్‌ని అనుమానించండి" అనెను.

విండోస్ నిలిచిపోయిన ప్రతిసారి సాధారణముగా ఒక చిన్న మరణవాఙ్మూలమును వ్రాసియుంచును. సీ డ్రైవులోని విండోస్ ఫోల్డరులో మినీడంప్ అను చోట అవి ఉండును. బ్లూస్క్రీన్‌వ్యూ అను ఉచిత సాధనముతో వానిని చదువవచ్చును. మా యంత్రములోని ఐదింటిని ఆ బాలుడును నేనును కలిసి తెరచితిమి. మొదటిదానిలో ప్రింటరు డ్రైవరు; రెండవదానిలో తెరకు చెందినది; మూడవదానిలో నెట్‌వర్కు డ్రైవరు; నాలుగవదానిలో ఫైళ్ల వ్యవస్థ; ఐదవదానిలో సాక్షాత్తు కెర్నల్. దోషసంకేతములును వేర్వేరు. ఒకచోట మెమరీ మేనేజ్‌మెంట్ అని, మరియొకచోట పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా అని ఉన్నది.

ఐదుగురు ద్విభాషులు ఒకే వారమున ఒక్కసారిగా అబద్ధమాడిరని కల్పించుట గౌరవము. వారందరును చదువు తాళపత్రమే చిల్లిపడినదని కల్పించుట లాఘవము. తార్కికులు లాఘవమునే ఆదరింతురు. కాని ఇదియు నిశ్చయము కాదు. చెడు డ్రైవరు ఒక్కొక్కప్పుడు తనది కాని స్మృతిభాగము మీద వ్రాసి పరులను దోషులుగా చూపగలదు. అనగా ఈ హేతువు సవ్యభిచారము. కనుక వ్యతిరేకపరీక్ష చేసితిమి. ప్రింటరును విడదీసి, దాని డ్రైవరును పూర్తిగా తొలగించితిమి. మరునాటి మధ్యాహ్నమే ఆరవ నీలితెర వచ్చెను. కారణమని చెప్పబడినది లేకున్నను కార్యము కలిగినది. ఆ విధముగా గాడిద ప్రక్కకు తొలగినది.

స్థాలీపులాకము చాలదు

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టిచూచిన చాలును. స్మృతిపలక విషయమున ఆ న్యాయము పనికిరాదు. ఒక్క అగ్నియే అన్ని మెతుకులను ఉడికించును గాని, ఇచ్చటి కోట్ల కణములలో ప్రతిదియు విడివిడిగా చెడగలదు. అన్నిటిని పరీక్షింపవలసినదే.

విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ అను పరీక్ష కలదు. దానిని ఒకసారి నడిపించితిమి; దోషము కనబడలేదని చెప్పెను. ధర్మకర్తగారు సంతోషించి, అయితే స్మృతి నిర్దుష్టము అనిరి. ఇచ్చట మీమాంసకులు, వేదాంతులు చెప్పిన అనుపలబ్ధివిచారము ఉపకరించును. కనబడకపోవుట వలన లేదని తేల్చుటకు, ఆ వస్తువు ఉన్నచో కనబడదగిన పరిస్థితి ఉండవలెను. చీకటిలో కుండ కనబడలేదని కుండ లేదనరాదు. స్వల్పకాలపరీక్ష చీకటిగది వంటిది. కొన్ని కణములు యంత్రము వేడెక్కిన తరువాతనే తప్పును. కొన్ని తమ పొరుగు కణములయందు ప్రత్యేకమైన అమరిక ఉన్నప్పుడే తప్పును.

కనుక మెమ్‌టెస్ట్86+ అను సాధనమును పెన్‌డ్రైవునందు ఎక్కించి, దానినుండియే యంత్రమును ప్రారంభించి, రాత్రియంతయు నడువనిచ్చితిమి. అది విండోస్‌ను ఆశ్రయింపక, స్మృతిలో అన్నియు సున్నాలు, అన్నియు ఒకట్లు, ఏకాంతరముగా మారునవి, క్రమము లేనివి అగు అమరికలను వ్రాసి మరల చదివి సరిపోల్చును. మొదటి రెండు ఆవృత్తులలో ఏమియు లేదు. మూడవదానిలో ఎఱ్ఱని పంక్తులు వచ్చినవి. సుప్రభాతసేవకు పోవుచు చూచినప్పటికి 17 దోషములు. అన్నియు ఒక్క చిరునామాయందే, ఒక్క బిట్టునందే. ప్రతిసారియు ఉండవలసినది 1, కనబడినది 0. విపర్యయము ఒక్కమారును లేదు. ఈ చివరి విషయమును నేను కాగితము మీద వ్రాసియుంచితిని. దాని ప్రయోజనము ముందు తెలియును. ఈ పరీక్షయందు కొద్దిపాటి దోషములు సహజమేలే అను మాట చెల్లదు. సున్నా ఒక్కటియే ఉత్తీర్ణత.

అన్వయవ్యతిరేకములు

మా యంత్రమున 4 జీబీ పలకలు రెండు, వానిని అమర్చు గాడులు రెండు. దోషము పలకదా, గాడిదా? (ఈ గాడి వేరు, పూర్వోక్తమైన గాడిద వేరు!) విద్యుత్తును పూర్తిగా తీసివేసి, పెట్టెలోని లోహభాగమును ముట్టి దేహమునందలి స్థిరవిద్యుత్తును వదలించుకొని, పలకలను తీసి, వాని బంగారుపూత అంచులను మెత్తని రబ్బరుతో సున్నితముగా తుడిచితిమి. అనేకపర్యాయములు ఈ తుడుపుతోనే రోగము కుదురును. మాకు కుదురలేదు.

తరువాత నాలుగు రాత్రులు నాలుగు పరీక్షలు జరిపితిమి. మొదటి పలక మొదటి గాడిలో; మొదటి పలక రెండవ గాడిలో; రెండవ పలక మొదటి గాడిలో; రెండవ పలక రెండవ గాడిలో. మొదటి పలక ఏ గాడిలోనున్నను దోషము లేదు. రెండవది ఏ గాడిలోనున్నను దోషము కలదు. రెండవ పలక ఉన్నచోట దోషముండుట అన్వయము. అది లేనిచోట లేకుండుట వ్యతిరేకము. రెండును సమకూడినవి, గాడులు నిర్దుష్టములని కూడ తేలినది. ఒకేసారి రెండు మార్పులు చేసియున్నచో ఈ నిశ్చయము కలిగెడిది కాదు. తొందరపడువారు పలకలను, డ్రైవరులను, విండోస్‌ను ఒక్క దినముననే మార్చివేయుదురు. దోషము పోయినను దేనివలన పోయినదో వారికి తెలియదు. అది మరల వచ్చినప్పుడు మొదటినుండి వెదకుకొనవలెను.

డ్రైవరులు సదా నిర్దోషులని నా అభిప్రాయము కాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతాసంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలును, కెర్నలులో పనిచేయు దాని డ్రైవరు చదువబోయి పడిపోయెను. సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు ప్రభావితమైనవని మైక్రోసాఫ్ట్ అంచనా కట్టెను. విమానాశ్రయములు, ఆసుపత్రులు తల్లడిల్లినవి. అచ్చట లక్షణమును గమనింపుడు: దేశదేశములయందు దోషిగా పేర్కొనబడినది ఒక్క డ్రైవరే. యంత్రమును సేఫ్ మోడ్‌లో తెరచి ఆ ఒక్క ఫైలును తొలగించినంతనే స్వస్థత కలిగెను. డ్రైవరు నిజముగా దోషియైనప్పుడు సాక్ష్యము ఇట్లు ఏకవాక్యతతో ఉండును. అట్టి అనుమానము నిలిచినప్పుడు విండోస్‌లోనే ఉన్న డ్రైవర్ వెరిఫయర్ అను సాధనము డ్రైవరులను కఠినముగా పరీక్షించి, దోషిని తప్పు చేసినచోటనే పట్టియిచ్చును. అది బుద్ధిపూర్వకముగా నీలితెరను రప్పించును గనుక, సేఫ్ మోడ్‌లోనికి పోయి దానిని నిలుపుదల చేయు విధానమును ముందుగా నేర్చుకొనియే ప్రయోగింపవలెను.

ధకారము దకారమైనచోట

దోషియైన పలకను తీసివేసితిమి, యంత్రము శాంతించెను. కార్యాలయమువారికి కథ ఇంతటితో ముగిసినది. నాకు అప్పుడే ప్రారంభమైనది. నీలితెర కనబడు అపకారము. చిల్లిపడిన స్మృతి చేయు కనబడని అపకారము వేరొకటి కలదు. ఫైలును ఒకచోటనుండి మరియొకచోటికి నకలు చేయునప్పుడు అది ర్యామ్ గుండా పోవును. ఆ దారిలో ఒక బిట్టు మారినను యంత్రము నిలువకపోవచ్చును, ఏమియు చెప్పకపోవచ్చును. నకలు ముగిసినదనియే పలుకును. ఆ శీతకాలముననే గురువుగారి ముద్రణలన్నిటిని, గ్రంథభాగములన్నిటిని బయటి డిస్కునకు నకలు చేసియుంటిమి. పలక అప్పటికే చెడియున్నదా?

మంచి పలకతో యంత్రమును నడుపుచు, రెండుచోట్లనున్న 252 ఫైళ్లను బైటు బైటుగా సరిపోల్చితిమి. దానికి విండోస్‌లో ఎఫ్‌సీ అను ఆదేశము కలదు. 249 సరిపోయినవి. మూడు సరిపోలేదు: రెండు గ్రంథభాగములు, ఒక ధ్వనిముద్రణ. ప్రతిదానిలోను భేదము ఒకే ఒక్క బైటు. ఆ బైటునందు ఒకే ఒక్క బిట్టు, చివరిది.

గ్రంథభాగములను తెరచి చూచినప్పుడు నా ఒడలు జలదరించెను. ఒక ప్రతిలో ధకారమున్నచోట రెండవ ప్రతిలో దకారము ఉన్నది. రెండవ ఫైలులో థకారమునకు బదులు తకారము. యూనికోడ్‌నందు తెలుగు వర్ణములకు ఇచ్చిన సంఖ్యలలో త-థ, ద-ధ, ప-ఫ, బ-భ జంటలు ఒక్క చివరి బిట్టుతోనే వేరగుచున్నవి. ఆ 1 జారి 0 అయినచో మహాప్రాణము అల్పప్రాణమగును. అక్షరము చెరిగిపోదు, గీతలు పడవు; చూచుటకు చక్కని తెలుగు పదముగనే నిలిచియుండును. ముప్పది ఏండ్ల తరువాత దానిని చదివిన విద్యార్థి దానినే వల్లించును.

రెండు ప్రతులు భేదించినప్పుడు తప్పున్నదని తెలియును గాని, ఏది తప్పో తెలియదు. దానిని తేల్చుటకు మూడవ సాక్షి కావలెను. గ్రంథభాగములకు ఆ సాక్షి నా కంఠమునందే ఉన్నది. క్రమమున ఒకటి-రెండు, రెండు-మూడు అని పదములు గొలుసుగా సాగును. ఘనమున ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు అని నడచును. లెక్కించిచూచినచో నడుమనున్న ప్రతి పదమును 13 మారులు, వేర్వేరు పొరుగులతో, ముందునకును వెనుకకును పలుకబడును. ఒక అక్షరము జారినచో సంధి చెడి నాలుక తట్టుకొనును. పునరుక్తితో దోషమును పట్టు ఉపాయము యంత్రలోకమునను కలదు. రిచర్డ్ హామింగ్ 1950లో ప్రకటించిన పద్ధతి ఆధారముగా, సర్వర్లలోని ఈసీసీ స్మృతియందు సాధారణముగా ప్రతి 64 బిట్లకు 8 సాక్షిబిట్లను చేర్చుదురు. ఒక బిట్టు తప్పినచో తానే దిద్దును, రెండు తప్పినచో హెచ్చరించును. మన ఇండ్లలోని యంత్రములకు సాధారణముగా ఆ రక్షణ లేదు. ఆ రెండు పంక్తులను ఘనముగా చెప్పుకొంటిని. ధకారమే సత్యము, థకారమే సత్యము. కంప్యూటరులోని మూలము శుద్ధము, బయటి డిస్కులోని నకలు దుష్టము.

ధ్వనిముద్రణ మాటయేమి? రెండు ప్రతులను పలుమారులు వింటిని. భేదము నా చెవికి అందలేదు. తొలుత ముద్రించిన కార్డు మీద వేరే విషయములు ఎక్కినవి గనుక మూడవ ప్రతి లేదు. అప్పుడు నేను వ్రాసియుంచిన కాగితము ఉపకరించెను. ఈ పలక 1ని 0గా మార్చునే గాని 0ని 1గా మార్చినట్లు పరీక్షలో ఒక్కమారును కనబడలేదు. గ్రంథభాగములు రెండును దృష్టాంతములుగా నిలిచినవి: రెండింటను 1 ఉన్న ప్రతియే శుద్ధమని కంఠము నిరూపించినది. కావున ధ్వనిముద్రణయందును 1 ఉన్న ప్రతియే గురువుగారిదని అనుమానప్రమాణముచే గ్రహించితిని. ఆ ప్రతియు కంప్యూటరులోనిదే అగుట దీనికి తోడైనది. రెండవ ప్రతిని చెరిపివేయక, కారణమును వ్రాసి ప్రక్కన ఉంచితిని. అనుమితికి ఆధారమైన సామగ్రిని భావివారికి మిగుల్చుట న్యాయము.

కర్తవ్యక్రమము

సాధకులకు సంగ్రహముగా చెప్పెదను. నీలితెర వచ్చినచో మొదట విలువైన విషయమును క్రొత్త నకలు తీయుటకు తొందరపడవలదు. పాత నకళ్లమీద క్రొత్తవానిని అసలే వ్రాయవలదు. స్మృతి చెడియున్నచో మంచిదానిని చెడుదానితో కప్పినవారమగుదుము. దోషసంకేతమును, తేదీని, వేళను వ్రాసికొనుడు. మినీడంపులలో పేర్లను చూడుడు. ఒకే పేరు మరలమరల వచ్చినచో ఆ డ్రైవరును తొలగించి, తయారీదారుల స్థానమునుండి సరియైనదానిని తెచ్చి వేయుడు. పేర్లు మారుచున్నచో స్మృతిని రాత్రియంతయు పరీక్షింపుడు. ఒకసారికి ఒక్కటే మార్పు చేయుడు. దోషము తొలగిన తరువాత పూర్వపు నకళ్లను సరిపోల్చుడు. అత్యంతవిలువైనవానికి మూడు ప్రతులుంచుడు. రెండు వివాదపడినప్పుడు మూడవది సాక్షి యగును.

వారము గడువు ముగిసిననాడు ధర్మకర్తగారి ముందు ఐదు మినీడంపుల పేర్లను, నాలుగు రాత్రుల ఫలితములను ఉంచితిని. వారు చదివి, ఆ బాలుని పిలిచి, "నాయనా, ఆ ప్రింటరు మళ్లీ పెట్టు" అనిరి. క్షమాపణ వాక్యము వారి నోట రాలేదు. ఆ బాలుడును దానిని ఆశింపలేదు. ప్రింటరు అదే డ్రైవరుతో నేటికిని రసీదులను ముద్రించుచున్నది.

స్వస్తి.